ఉగాండాలో నాలుగు వారాల పంతులమ్మ: ఇది సాక్ష్యం కాదు, రివ్యూ

మిషన్ ట్రిప్‌కి వెళ్లొచ్చినవాళ్లని ఆదివారం ఆరాధనలో ముందుకు పిలిచి మైకు ఇస్తారు, సాక్ష్యం చెప్పమంటారు. నేనూ చెప్పాను. అమ్మ ముందు వరసలో కూర్చుని కళ్లు కూడా తుడుచుకుంది. కానీ సాక్ష్యంలో దోమతెరకి చిల్లులున్నాయని చెప్పం కదా. కట్టిన డబ్బుకి సరైన రసీదు ఇవ్వలేదని చెప్పం. 78 మంది పిల్లల ముందు నిలబడితే నోట్లో తడారిపోయిందని ఒకవేళ చెప్పినా, "అయినా ప్రభువు నడిపించాడు" అని అక్కడితో ముగించేస్తాం. ప్రభువు నడిపించిన మాట నిజమే, నాకు అనుమానం లేదు. ప్రోగ్రామ్‌ని నడిపించింది మాత్రం మనుషులే, వాళ్ల గురించే ఈ రివ్యూ.

ముందు నా సంగతి. మాది గుంటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. టీచింగ్ అనుభవం అంటారా, ఎండాకాలం వీబీఎస్‌లో, అంటే చర్చిలో నడిపే సెలవుల బైబిల్ బడిలో, బుడ్డోళ్లకి యాక్షన్ సాంగ్స్ నేర్పించడం, బిస్కెట్లు పంచడం, అంతే. బ్రోషర్‌లో "టీచింగ్ అనుభవం అవసరం లేదు, ప్రేమించే హృదయం ఉంటే చాలు" అని ఉంది. అది చదివినప్పుడు చాలా బాగుందనిపించింది. ఇప్పుడు అదే వాక్యం చూస్తే ఒళ్లు మండుతుంది, ఎందుకో కింద చెప్తాను. సంస్థ పేరు రాయను. ఇలాంటి ట్రిప్పులు నడిపేవాళ్లు చాలామందే ఉన్నారు, అందరి బ్రోషర్లూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, కాబట్టి మీరు ఎవరితో వెళ్లినా ఇందులో సగమైనా పనికొస్తుంది.

డబ్బు సంగతి మొదటే చెప్పేస్తా, ఎందుకంటే నేను అడిగినప్పుడు ఎవరూ సూటిగా చెప్పలేదు. ప్రోగ్రామ్ ఫీజు 1,20,000. దుబాయ్ మీదుగా ఉగాండా ఎయిర్‌పోర్టున్న ఎంటెబ్బేకి రానుపోను టికెట్ 68,000. ఈ-వీసా 50 డాలర్లు. టీకా, మాత్రలు, ఇన్సూరెన్స్, అక్కడ చిల్లర ఖర్చులు అన్నీ కలిపితే రెండు లక్షలు దాటింది. అందులో సగం నా జీతంలోంచి, సగం మా సంఘంవాళ్ల కానుకలు. పింఛను డబ్బుల్లోంచి 500 తీసి కవర్లో పెట్టి ఇచ్చిన మామ్మగారు కూడా ఉన్నారు. ఆవిడ లెక్క అడగదు, అందుకే నేను అడగాలనుకున్నాను. ఫీజులో ఎంత తిండికి, ఎంత బసకి, ఎంత స్కూలుకి వెళ్తుందని మెయిల్ పెడితే "ఇది విశ్వాసంతో చేసే పరిచర్య సిస్టర్" అని జవాబు వచ్చింది. రెండోసారి అడిగితే 1,20,000 కి "విరాళం" అని ఒకే ముక్క రాసిన కాగితం పంపారు.

శిక్షణ అన్నది రెండు జూమ్ కాల్స్. మొదటిదాంట్లో బట్టలు ఎలా వేసుకోవాలి, కానుకలు అడుగుతూ సపోర్ట్ లెటర్ ఎలా రాయాలి, ప్రార్థన. రెండోదాంట్లో పిల్లల్ని ప్రేమించాలి అని పదిహేను స్లైడ్లు, మళ్లీ ప్రార్థన. బోర్డు మీద ఎలా రాయాలి, డెబ్భై మంది ఉన్న క్లాసులో వెనక బెంచీవాడికి అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవాలి, అసలు వాళ్ల సిలబస్ ఏంటి, ఇవేవీ లేవు. ఏ క్లాసుకి చెప్పాలో కూడా అక్కడికి వెళ్లాకే తెలిసింది.

బ్రోషర్‌లో ఇంకో మాట, "సువార్త అందని ప్రాంతాలకు". దీని గురించి కొంచెం మాట్లాడాలి. ఉగాండా 2014 జనాభా లెక్కల్లో కాథలిక్కులు 39 శాతం, ఆంగ్లికన్లు 32 శాతం, పెంతెకోస్తువాళ్లు 11 శాతం. అంటే వందలో ఎనభై మందికి పైగా క్రైస్తవులే. ఆంగ్లికన్ మిషనరీలు అక్కడికి 1877లోనే వెళ్లారు, రెండేళ్లకి కాథలిక్కులూ వెళ్లారు. మేము దిగిన ముకోనో ఊళ్లో క్రైస్తవ విశ్వవిద్యాలయమే ఉంది. మా గుంటూరులో కూడా అన్ని చర్చీలు కనపడవు నాకు. ఆదివారం ఆరాధన మూడు గంటలు, వాక్యం అక్కడివాళ్లకి నాకంటే బాగా వచ్చు. వాళ్లకి సువార్త అందించడానికి నేను వచ్చానని ఎవరికైనా చెప్పాలంటే సిగ్గేసింది.

అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ మా గుంటూరు వచ్చింది 1842లో. ఆ లూథరన్ మిషన్ బళ్లలోనే మా అమ్మమ్మ చదువుకుంది, ఆవిడకి పాఠం చెప్పింది అమెరికా దొరసాని. నేను వెళ్తున్నానంటే అమ్మమ్మ సంతోషపడి, వెంటనే ఒక ప్రశ్న వేసింది. "మా దొరసానమ్మ ముందు కూర్చుని తెలుగు నేర్చుకుందట, ఆ తర్వాతే మాకు పాఠం చెప్పింది. నువ్వు నెల రోజులకి వెళ్లి ఏం చెప్తావే?" అని. నవ్వి ఊరుకున్నాను. ఆ ప్రశ్న నాలుగు వారాలూ నాతోనే ఉంది.

టీకా గురించి జాగ్రత్త. ఉగాండాకి యెల్లో ఫీవర్ సర్టిఫికెట్ తప్పనిసరి, టీకా వేసుకున్న పది రోజులకిగానీ అది చెల్లదు. వెళ్లేటప్పుడే కాదు, తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో కూడా అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మా కోఆర్డినేటర్ ఈ సంగతి చెప్పింది ప్రయాణానికి సరిగ్గా రెండు వారాల ముందు, ఆఫీసుకి సెలవు పెట్టి పరుగెత్తాను. మలేరియాకి డాక్టర్ డాక్సీసైక్లిన్ రాశారు, రోజుకొకటి, ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతే, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి. ఇవన్నీ మీ డాక్టర్‌ని అడిగి చేయండి, వాట్సాప్ గ్రూపులో వచ్చిన లిస్టు చూసి కాదు.

మేం ఆరుగురం. నాతోపాటు ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, ఒక బ్యాంకు ఉద్యోగి దంపతులు, భీమవరం నుంచి రిటైరైన లెక్కల మాస్టారు. 2025 జూన్ మొదటి తారీఖున ఎంటెబ్బేలో దిగాం. విమానం విక్టోరియా సరస్సు మీదుగా కిందికి వస్తుంటే సముద్రమే అనుకున్నాను. అక్కడినుంచి కంపాలా నలభై కిలోమీటర్లు, కంపాలా దాటి జింజా రోడ్డు పట్టుకున్నాక బండి కదలదే! రోడ్డు పొడవునా మనుషులు నడుస్తున్నారు, వేలమంది, భుజాన సంచులు, చేతిలో జపమాలలు. ఏంటని అడిగితే డ్రైవర్ ఆశ్చర్యపోయాడు, మీరు క్రైస్తవులే కదా అన్నాడు. జూన్ 3 అక్కడ హతసాక్షుల దినం. 1886లో అదే రోజున నముగొంగోలో రాజు తన కొలువులోని యువకుల్ని, విశ్వాసం వదులుకోనందుకు సజీవంగా కాల్పించాడు. ఏటా దేశం నలుమూలల నుంచీ, పక్క దేశాల నుంచీ కూడా జనం అక్కడికి కాలినడకన వస్తారు. ఇంత పెద్ద సంగతి మా రెండు జూమ్ కాల్స్‌లో ఎవరి నోటా రాలేదు. "సువార్త అందని ప్రాంతం" అన్న స్లైడ్ మాత్రం ఉంది.

జూన్ 3 సెలవు. అదే వారంలో బక్రీద్, సెలవు. జూన్ 9 వీరుల దినం, అదీ సెలవే. ఇవన్నీ క్యాలెండర్లో ముందే ఉంటాయి, చూసి తేదీలు పెట్టుకోవచ్చు. నాలుగు వారాల్లో నేను నిజంగా క్లాసులో ఉన్నది 16 రోజులు.

బస ఫర్వాలేదు. చర్చి గెస్ట్‌హౌస్, గదికి రెండు బంకు మంచాలు, పసుపు జెర్రీక్యాన్లలో నీళ్లు, బకెట్ స్నానం. నా దోమతెరకి మూడు చిల్లులు, హెయిర్‌బ్యాండ్లతో ముడేసుకున్నాను. కరెంటు వచ్చినప్పుడు వచ్చినట్టు. తిండి అయితే నాకు చాలా నచ్చింది. మొక్కజొన్న పిండితో చేసే పోషో అచ్చం మన సంగటే, బీన్స్ పులుసుతో తింటారు. పచ్చి అరటికాయల్ని అరిటాకుల్లో చుట్టి ఆవిరికి ఉడికించి మెదిపితే మటోకే, దానిమీద పల్లీల పులుసు. నేను పట్టుకెళ్లిన గోంగూర పచ్చడి పోషోతో కలిపి తింటుంటే వంటావిడ రుచి చూసి కారానికి కళ్లు ఎర్రబడినా, మళ్లీ చెయ్యి చాపింది. ఇక "ఆఫ్రికన్ టీ" అని అడిగారంటే వచ్చేది అల్లం వేసి మరిగించిన పాల టీ. పది గంటల ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్‌లో అదే ఇస్తారు, టీతోపాటు నంజుకునేదాన్ని అక్కడ "ఎస్కార్ట్" అంటారు. ఈ టీకి ఎస్కార్ట్ లేదా అని అడుగుతుంటే మొదటి రోజు నాకేం అర్థం కాలేదు.

ఇప్పుడు అసలు విషయం. నాకు పీ4 ఇచ్చారు, అంటే ప్రైమరీ నాలుగో తరగతి. అక్కడి పద్ధతి తెలిసుంటే భయపడేదాన్ని. పల్లెటూళ్ల బళ్లలో మొదటి మూడు క్లాసులు స్థానిక భాషలో, ఇక్కడైతే లుగాండాలో, చెప్పాలి. నాలుగులో ఇంగ్లిష్‌కి మారతారు. అంటే పిల్లలకి అన్నిటికన్నా కష్టమైన ఏడాది అది, అన్ని సబ్జెక్టులూ ఒక్కసారిగా కొత్త భాషలోకి వెళ్లిపోతాయి. అలాంటి క్లాసుని లుగాండా ఒక్క ముక్క రాని, పాఠం ఎప్పుడూ చెప్పని మనిషి చేతిలో పెట్టారు. స్కూలు తప్పు కాదిది, వాళ్లకి పంపిన కాగితంలో నన్ను "క్వాలిఫైడ్ టీచర్" అని రాశారట. హెడ్‌మాస్టర్ గారు ఆ కాగితం చూపించినప్పుడు నేలలోకి కుంగిపోయాను.

మొదటి రోజు. రేకుల కప్పు, ఇటుక గోడలు, బెంచీకి ఐదుగురు. లోపలికి అడుగు పెట్టగానే 78 మంది ఒక్కసారిగా లేచి పాటలాగా గుడ్ మార్నింగ్ చెప్పారు, నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు. కింద పడిన సుద్దముక్కని ఒక పాప తీసి, రెండు మోకాళ్ల మీద కూర్చుని నాకందించింది. నేను కంగారుపడి లేపబోయాను. అక్కడ ఆడపిల్లలు పెద్దవాళ్లకి అలాగే మర్యాద చేస్తారని, లేపితే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని తర్వాత తెలిసింది.

వందలు, పదులు, ఒకట్లు చెప్పాను. ఇరవై నిమిషాలు ఊపిరి తీసుకోకుండా చెప్పాను, మధ్యలో ఆరుసార్లు "అర్థమైందా?" అని ఇంగ్లిష్‌లో అడిగాను, ఆరుసార్లూ "యెస్ టీచర్!" అని రేకులు అదిరేలా అన్నారు. నాకు పొంగిపోయింది. సరే అని ఒక లెక్క ఇచ్చాను. పెన్సిళ్లు కదల్లేదు. అందరూ నా మొహం వంకే చూస్తున్నారు, నవ్వుతూ, ఎంతో ప్రేమగా. నేను "లెవెన్" అంటున్నది వాళ్లకి తెలిసిన "ఎలెవెన్" అని కూడా వాళ్లకి తట్టలేదు. మన గుంటూరు ఇంగ్లిష్ మనకే ఇంగ్లిష్ అని ఆ రోజు అర్థమైంది.

ఆ క్లాసు అసలు టీచర్ వెనక గోడకి ఆనుకుని నిలబడి చూస్తోంది. నలభై దాటిన మనిషి, పేరు రాయను, నేను మేడమ్ అనే పిలిచేదాన్ని. నా దగ్గరికొచ్చి, సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద 342 వేసి, నాలుగు కింద వేలు పెట్టి అడిగింది: "దిస్ ఈజ్ ఎ వాట్?" క్లాసంతా "టెన్స్!" "ఫోర్ టెన్స్ ఈజ్ వాట్?" "ఫార్టీ!" అక్కడ టీచర్లందరూ అలాగే చెప్తారు, వాక్యం చివర ఒక ఖాళీ వదిలి పిల్లలతో నింపిస్తారు. మొదట నాకిది బట్టీలా అనిపించి, లోపల కొంచెం చిన్నచూపు కూడా చూశాను, దాచుకోవడం దేనికి. రెండో రోజు వెనక కూర్చుని గమనిస్తే తెలిసింది, కోరస్ వస్తున్నప్పుడు ఆవిడ బోర్డు వైపు చూడదు, పిల్లల పెదాల వైపు చూస్తుంది. ఎవరి నోరు ఆలస్యంగా తెరుచుకుంటుందో వాళ్లని తర్వాత పేరుపెట్టి లేపుతుంది. సరిగ్గా చెప్తే క్లాసంతా వాడికి లయగా చప్పట్లు కొట్టాలి. నేను అడిగిన "అర్థమైందా?" కి ఎవరి పెదాలూ చూడలేదు నేను.

మొదటి వారం నేను చేసిన ఇంకో ఘనకార్యం, ల, ర. పిల్లలు రైస్‌ని "లైస్" అంటున్నారు, రివర్‌ని "లివర్" అంటున్నారు, యెల్లోని "యెరో" అంటున్నారు. ల పలకలేకపోతే అర్థం చేసుకోవచ్చు, ర పలకలేకపోయినా సరే, కానీ రెండూ పలుకుతూ రెండూ తారుమారు చేయడం ఏంటో నాకంతు పట్టలేదు. దీన్ని సరిచేసి తీరాలని రెండు రోజులు, నాలుగు పీరియడ్లు, నాలుక ఎక్కడ పెట్టాలో చూపిస్తూ డ్రిల్లు చేయించాను. పిల్లలు పడీపడీ నవ్వారు, లైస్ లైస్‌గానే ఉండిపోయింది. మూడో రోజు స్టాఫ్‌రూమ్‌లో మేడమ్ నా నోట్‌బుక్ తీసుకుని అందులో ఒక పెట్టె గీసింది. లుగాండాలో ఇ, ఎ తర్వాత వచ్చేది ర, మిగతా అన్ని చోట్లా ల. మాట మొదట్లో ఎప్పుడూ ల. అది వాళ్ల రాతలోనే ఉన్న నియమం. అంటే ఈ పిల్లలు తప్పు చేయడం లేదు, వాళ్ల వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా ఇంగ్లిష్‌కి పట్టిస్తున్నారు. మనవాళ్లు స్కూలుని "ఇస్కూలు" అనడం లాంటిదే. ఆ మధ్యాహ్నం ఆవిడ క్లాసులో లుగాండాలో రెండు నిమిషాలు ఏదో చెప్పింది, ఇంగ్లిష్‌కి మన నియమం లేదు, అక్కడ ఏది రాసుంటే అదే పలకాలి అని చెప్పిందట. తర్వాత బోర్డు మీద పది మాటలు రాసి, ల కింద ఒక రంగు, ర కింద ఇంకో రంగు సుద్దతో గీత పెట్టింది. ఒక్క పీరియడ్‌లో సగం క్లాసు యెల్లో అంది. నాలుగు పీరియడ్లు తిన్నది నేను.

భిన్నాల పాఠం సంగతి క్లుప్తంగా చెప్పేస్తా. సంస్థ ఇచ్చిన వర్క్‌షీట్లలో పిజ్జా బొమ్మలున్నాయి, పిల్లలకి అదేంటో తెలియదు. మేడమ్ రోడ్డు మీదినుంచి రెండు చపాతీలు తెప్పించి నాలుగు ముక్కలు చేసింది. చపాతీ అక్కడ వీధి వీధికీ ఉంటుంది, గుడ్డట్టు వేసి చుట్టి ఇస్తే దాన్ని రోలెక్స్ అంటారు. ఆ చపాతీ అక్కడికి వెళ్లింది మన దేశం నుంచే. చపాతీ దేశం నుంచి పిజ్జా బొమ్మ మోసుకెళ్లింది నేను.

అన్నట్టు టైమ్ గురించి. లుగాండాలో గంటల్ని తెల్లవారినప్పటి నుంచి లెక్కపెడతారు. ఉదయం ఏడు అంటే ఒకటో గంట, ఎనిమిది అంటే రెండో గంట, "సావా బిరి". మాకిచ్చిన మాటల కాగితంలో "బిరి అంటే రెండు" అని మాత్రమే ఉంది. సోమవారం సావా బిరికి స్టాఫ్ మీటింగ్ అంటే నేను మధ్యాహ్నం రెండింటికి తీరిగ్గా తయారై వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు, "సారీ" అన్నారు. అక్కడ మనం కాలు జారి పడ్డా, చేతిలోది జారి పడ్డా ఎదుటివాళ్లే సారీ అంటారు.

భీమవరం మాస్టారు మాత్రం మొదటి రెండు రోజులు సుద్ద ముట్టలేదు. పీ6 లో చివరి బెంచీలో పిల్లల మధ్య కూర్చుని నోట్సు రాసుకున్నారు. నేను రెండో వారం మధ్యలో సాయంత్రం వెళ్లి, మాస్టారూ నావల్ల కావట్లేదు, ఏడుపొస్తోంది అన్నాను. ఆయన, "అమ్మాయ్, ముప్పై నాలుగేళ్లు చెప్పినవాణ్ణి నేనే వెనక బెంచీలో కూర్చున్నా. నిన్ను తీసుకొచ్చి ముందు నిలబెట్టారు. వెళ్లి ఆ మేడమ్‌ని ఏం పని ఉందో అడుగు" అన్నారు.

అడిగాను. మేడమ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. 78 నోటుబుక్కులు రోజూ దిద్దడానికి తనకి టైమ్ చాలదు, అవి దిద్దమంది. రెండోది, అక్షరాలు కూడబలుక్కోలేని తొమ్మిది మందిని రోజుకి గంట బయట కూర్చోబెట్టి చదివించమంది. మొదటి రోజే అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేది. మిగిలిన రెండు వారాలూ నేను అదే చేశాను, ఈ ట్రిప్‌లో పనికొచ్చిన రోజులు అవే.

స్కూలు వెనక పనస చెట్టు ఉంది, దాని కింద తొమ్మిది మందీ, నేనూ, చాప. అక్కడికి మేడమ్ లుగాండా సాయం కూడా రాసిచ్చింది, ఒక్కో మాట పక్కన దాని అర్థం. ఒక పాప ఉండేది, ఎప్పుడూ చెప్పు ఒకటే వేసుకొచ్చేది, రెండోది ఏమైందో. చదివేటప్పుడు వేలు లైను కింద పెట్టేది కాదు, అక్షరం మీదే పెట్టి నొక్కేది, పారిపోతుందేమో అన్నట్టు. మొదటి వారం "హెన్" దగ్గరే ఆగిపోయింది. హ అనేది, ఎ అనేది, న్ అనేది, మూడూ కలిసేవి కావు. ఒకరోజు నిజంగానే కోడి ఒకటి చాప మీదికి వచ్చింది. పిల్లలు తోలుతుంటే ఆ పిల్ల పుస్తకం వంక చూసి, కోడి వంక చూసి, మళ్లీ పుస్తకం చూసి "హెన్" అంది. గట్టిగా కాదు, తనలో తను. తర్వాత "పెన్" తనే చదివింది, "టెన్" తనే చదివింది. నేను వచ్చేసే రోజుకి నాలుగు మాటల వాక్యాలు చదువుతోంది. తొమ్మిది మందిలో ఐదుగురికి ఇలా పట్టుబడింది, నలుగురికి ఇంకా లేదు.

మెచ్చుకోవడం అయింది, ఇప్పుడు కోపాలు. వేలమంది పిల్లల మధ్యకి మనుషుల్ని పంపే సంస్థ నన్ను పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగలేదు. పాస్‌పోర్ట్ ఆఫీసులో అప్లై చేస్తే వచ్చేది, మా పాస్టర్ గారి ఉత్తరం ఉంటే చాలన్నారు. పాస్టర్ గారు నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగుదురు, సరే, అందర్నీ అలా ఎరుగుతారా? ఇంకోటి, ఫొటోలు. రోజుకి కనీసం ఐదు "పిల్లలతో మీ ఫొటోలు" గ్రూపులో పెట్టాలి, చిరిగిన యూనిఫామ్ ఉన్న పిల్లలైతే మంచిదని కోఆర్డినేటర్ నోరు తెరిచి చెప్పాడు. తల్లిదండ్రుల్ని ఎవరూ అడగలేదు. నేను రెండో రోజు నుంచి బోర్డు ఫొటోలు, పనస చెట్టు ఫొటోలు పెట్టాను, గ్రూపులో ఎవరికీ నచ్చలేదు.

బెత్తం గురించి కూడా మాకు ఏమీ చెప్పలేదు. ఉగాండాలో 2016 చట్టం బళ్లలో కొట్టడాన్ని నిషేధించింది, అయినా ఒక క్లాసులో బెత్తం చూశాను, వాడటం కూడా చూశాను. ఏం చేయాలి? పరాయిదేశంలో అతిథిగా వెళ్లి తగువు పెట్టుకోవాలా, చూసీ చూడనట్టు ఉండాలా? నేనూ మా గుంటూరు బళ్లో తొడపాశాలు తిన్నదాన్నే, అందుకే నీతులు చెప్పడానికి నోరు రాలేదు. మాస్టారు వెళ్లి హెడ్‌మాస్టర్ గారితో విడిగా మాట్లాడారు. ఇలాంటివి జరిగితే ఎవరికి చెప్పాలో ముందే ఒక పేరు, ఒక నంబరు ఇవ్వడం సంస్థ పని. టూరిస్ట్ వీసా మీద ఇలా బళ్లో పని చేయొచ్చా అని నేనడిగితే "అందరూ అలాగే వెళ్తారు" అన్నారు. మీరు మాత్రం దీనికి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

డబ్బు గురించి చివరిసారి. టీ దగ్గర మాటల్లో మేడమ్ నన్నడిగింది, ఇక్కడికి రావడానికి ఎంతయిందని. ఫీజు ఒక్కటే షిల్లింగుల్లోకి మార్చి చెప్పాను. ఆవిడ కాసేపు లెక్కేసుకుని, అది తన ఏడాది జీతం కంటే ఎక్కువని చెప్పింది. కోపంగా కాదు, లెక్కల టీచర్‌లాగే చెప్పింది. స్కూలుకి మా బ్యాచ్ తరఫున అందింది రెండు కార్టన్ల నోటుబుక్కులు, ఒక ఫుట్‌బాల్.

జింజా ట్రిప్ ప్యాకేజీలోనే ఉందని చెప్పి అక్కడికెళ్లాక తలా 60 డాలర్లు అడిగారు. చిరాకేసినా వెళ్లాను, ఆ ఒక్క రోజూ మాత్రం పైసా వసూల్. దారిలో నమవొజోలో దగ్గర బండి ఆపితే చాలు, పుల్లకి గుచ్చి కాల్చిన కోడి కిటికీలోంచి మొహం మీదికే వస్తుంది. జింజాలో విక్టోరియా సరస్సు నుంచి నైలు బయల్దేరే చోట గాంధీ విగ్రహం ఉంది, 1948లో ఆయన అస్థికల్లో కొంత అక్కడా కలిపారు. మా బండిలో వచ్చిన పెద్దాయన, స్కూల్లో సోషల్ చెప్పే ఆయన, విగ్రహం దగ్గర నన్నడిగారు, మీవాళ్లు ఎప్పుడు తిరిగొచ్చారని. 1972లో ఇదీ అమీన్ తొంభై రోజుల గడువిచ్చి భారతీయుల్ని వెళ్లగొట్టాడు కదా, ఆ కుటుంబాల్లో దాన్ననుకున్నారు. మాది గుంటూరండీ, మేం ఎప్పుడూ ఇక్కడ లేం అంటే ఆయన కొంచెం నిరాశపడ్డారు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కొట్టు నడిపిన పటేల్ గారి పిల్లలు ఏమయ్యారో ఎవర్ని అడగాలో ఆయనకి తెలియదు.

మార్కులు వేయమంటే, తిండికి 5లో 4, బసకి 3, శిక్షణకి 1, అది కూడా జూమ్ కనెక్షన్ బాగుంది కాబట్టి, కోఆర్డినేషన్‌కి 2. స్కూలుకి, మేడమ్‌కి 5. అన్నీ కలిపితే 3 ఇస్తాను, ఆ మూడూ సంస్థ సంపాదించినవి కావు.

మళ్లీ వెళ్తావా అని మా యూత్ పిల్లలు అడుగుతున్నారు. ఇదే ప్యాకేజీ అయితే వెళ్లను. "టీచర్‌కి సహాయకురాలు" అని కాగితం మీద రాసిచ్చి, అక్కడి టీచర్ నాతో ముందుగా ఒక అరగంట ఫోన్లో మాట్లాడేలా చూస్తే వెళ్తాను, అదీ కనీసం మూడు నెలలకి. మీరు వెళ్లాలనుకుంటే ఇవి అడగండి: ఏ క్లాసు, ఏ సబ్జెక్టు, ఆ క్లాసు అసలు టీచర్ నేనున్నన్నాళ్లూ క్లాసులోనే ఉంటారా, ఫీజులో స్కూలుకెంత, పిల్లలకి సంబంధించి ఫిర్యాదు వస్తే ఎవరికి చెప్పాలి. తేదీలు కూడా చూసుకోండి. అక్కడ మూడో టర్మ్ సెప్టెంబర్ నుంచి, నవంబర్‌లో పీ7 పిల్లలకి పబ్లిక్ పరీక్షలు, ఆ టైములో వెళ్తే వాళ్ల ప్రాణాలు తీసినవాళ్లవుతారు. మే చివర్లో రెండో టర్మ్ మొదలవుతుంది, అది నయం. రంగు సుద్దలు పట్టుకెళ్లండి, పిజ్జా వర్క్‌షీట్లు వద్దు.

తిరిగొచ్చాక ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చింది. "మీవల్ల ఎంతమంది పిల్లల జీవితాలు మారాయి?" అని ఒక గడి, దాంట్లో అంకె మాత్రమే రాయాలి. తొమ్మిది అని రాసి, ఆగి, ఐదు అని దిద్దాను. నా వల్ల మేడమ్ సిలబస్‌లో రెండు టాపిక్స్ వెనకబడిందని రాయడానికి గడి లేదు. పోయిన వారం వాళ్ల న్యూస్‌లెటర్ వచ్చింది, అందులో "మా టీచర్లు 600 మంది పిల్లల జీవితాలను తాకారు" అని ఉంది, పైన పెద్దగా నా ఫొటో, సుద్ద పట్టుకుని బోర్డు ముందు నిలబడి ఉన్నాను. వెనక బోర్డు మీద రెండు రంగుల గీతలతో "యెల్లో" అని ఉంది, రాత మేడమ్‌ది. ఆ ఫొటో తీసేయండి, లేదంటే ఆవిడ్ని అడిగి ఆవిడ పేరు వేయండి అని మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.